టెలివిజన్ తెరపై తావో దర్శనము

1972 నుండి 1975 వరకు అమెరికాలో ‘కుంగ్‌ఫూ’ అను కథామాలిక టెలివిజన్‌లో ప్రసారమయ్యెను. చీనాలోని షావోలిన్ మఠమున శిక్షణ పొందిన కెయిన్ అను సన్న్యాసి, పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా పశ్చిమసీమలలో సంచరించుట ఇందలి కథ. పోరాటములకై కూర్చున్న ప్రేక్షకులకు నడుమ నడుమ గురుకులస్మృతులు కనబడెను. కన్నులున్న బాలశిష్యుడు గమనింపని మిడుతసవ్వడిని, అతని పాదములచెంతనే యున్నదానిని, అంధుడైన పో గురువు వినును. ‘మిడుత’ యనియే ఆ బాలునకు ముద్దుపేరు నిలిచినది.

షావోలిన్ బౌద్ధమఠము. గురువుల నోటి మాటలో, పెక్కుచోట్ల లావోజు పేరిట నున్న ‘తావో తె చింగ్’ లోనివి! దర్శనభేద మెరిగినవారికి ఈ కలగలుపు రుచింపదు. అయినను ‘వూ వేయ్’ అను తావో భావము సామాన్యగృహములకు చేరినది. అది సోమరితనము కాదు. బలవంతము లేని చేష్ట. మెత్తని నీరు కఠినశిలను అరగదీయుట దానికి దృష్టాంతము. కెయిన్ కలహమును కోరడు, తప్పనినాడే చేయి యెత్తును. ఈ నడవడిని చూచియే ప్రేక్షకులు ఆ భావమును గ్రహించిరి. వ్యాఖ్యానములతో పని లేకపోయెను.

గీత నాల్గవ అధ్యాయమున కర్మాకర్మవిచారము చదివినవారికి ఇది కొంత పరిచితముగా తోచును. అయితే గీతలో కర్మను సమర్పించుకొనుటకు భగవానుడున్నాడు. లావోజు చెప్పిన తావో ప్రార్థన నాలకించు దైవము కాదు, సర్వమునకు మూలమైన మార్గము.