కాపరి ఎవరి పక్షమున మాటలాడవలెను?

(వాక్యభాగము: 1 రాజులు 21, 22 అధ్యాయములు)



ఎన్నికలు దగ్గరపడగానే మన లింగాల ప్రాంతపు పల్లెలలో కాపరి యింటి ముందర జీపులు ఆగును. "అయ్యగారూ, మీ గుడి ఓట్లు మాకు వేయించండి, ప్రహరీ గోడ కట్టిస్తాం" అని అడుగుదురు. ఇట్టి వేళ కాపరి ఏమి చేయవలెను? రాజకీయములు మనకేల అని మౌనముగా నుండవలెనా? లేక ఒక పార్టీలో చేరి మాటలాడవలెనా? అహాబు రాజు చరిత్రలోని రెండు సంగతులను చూతము.

మొదటిది, నాబోతు ద్రాక్షతోట. పితరుల స్వాస్థ్యమును ఇయ్యనన్నందుకు నాబోతుమీద అబద్ధసాక్ష్యము పుట్టించి, అతనిని రాళ్లతో కొట్టి చంపించిరి. రాజు ఆ తోటను స్వాధీనపరచుకొన వచ్చినప్పుడు ఏలీయా అక్కడికే వెళ్లి అతనిని గద్దించెను. రాజు చేసిన అన్యాయమును రాజు ముఖము ఎదుటనే ఖండించుట రాజకీయము కాదా? అయినను దేవుడే ఏలీయాను పంపెను. ఆ తోటలో ఒక ద్రాక్షపండైనను ఏలీయాకు రాదు. ఇక మాటలాడలేని వాని పక్షమున అతడు మాటలాడెను.

రెండవది, నాలుగు వందలమంది ప్రవక్తల సంగతి. రామోత్గిలాదుమీదికి యుద్ధమునకు పోవచ్చునా అని అహాబు అడుగగా, వారందరు ఏకముగా పొమ్మనిరి. మీకాయాను పిలువవచ్చిన దూతయు, నీవును వారివలెనే అనుకూలముగా పలుకుమని చెప్పెను. కాని మీకాయా తుదకు సత్యమునే తెలిపెను. చెంపదెబ్బయు చెరసాలయు అతనికి దొరికెను. రాజు యుద్ధములో బాణము తగిలి మరణించెను. ఆ నాలుగు వందలమందియు రాజకీయమే మాటలాడిరి. అయితే రాజు కోరినదానినే దేవుని మాటగా చెప్పిరి.

కాబట్టి భేదము మాటలాడుటలో లేదు. ఎవరికొరకు మాటలాడితిమి, ఏమి పుచ్చుకొని మాటలాడితిమి అనుదానిలోనే యున్నది.

మన తెలుగు సంఘములో ఒక మంచి మాదిరి కలదు. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషేకింపబడిన వి. ఎస్. అజరయ్య గారు రాజకీయ సంగతులలో మౌనముగా నుండలేదు. 1932లో ఆంగ్ల ప్రభుత్వము ప్రకటించిన తీర్పులో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కలవు. తన వారికి లాభమని ఆయన సంతోషింపక, దానిని వ్యతిరేకించెను. స్వజనుల లాభమునకు విరోధముగా మాటలాడుటకు ఎంత ధైర్యము కావలెను!

మా తప్పును కూడ ఒప్పుకొనుచున్నాము. ఒకసారి ఒక నాయకుడు గుడికి ఫ్యాన్లు ఇయ్యగా సంతోషముతో పుచ్చుకొంటిమి. తరువాత ఆయన మనుష్యులు గట్టు జరిపి ఒక పేదవాని చేను కలుపుకొనిరి. ఆ పేదవాడు మా యొద్దకు వచ్చి ఏడ్చెను. మా నోరు పెగలలేదు. ఆదివారమున ఆ ఫ్యాన్ల క్రిందనే నాబోతు కథ చదివితిమి.

మరియొక సంగతి ఆలోచింపుడి. మన సంఘములో రెండు పార్టీల వారును ఒకే చాపమీద కూర్చుండి ఒకే రొట్టెలో పాలు పొందుచున్నారు. కాపరి ఒక పార్టీవాడైనయెడల, రెండవ పార్టీవారి యింట చావు కలిగినప్పుడు ప్రార్థనకు అతనిని ఎవరు పిలుతురు?

దేశపు చట్టమును ఎరుగుట మంచిది. ఓటు వేయనియెడల దేవుని కోపము వచ్చునని అభ్యర్థి గాని ఆయన సమ్మతితో మరియొకరు గాని బెదరించుటయు, మతము పేరట ఓటు అడుగుటయు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము అవినీతి కార్యములు. ఓటరు మతమును చూపి అడుగుటయు ఇందులో చేరునని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మతసంస్థల స్థలములను రాజకీయ పక్షములకొరకు వాడరాదని 1988లో మరియొక చట్టము వచ్చెను.

అయితే విశ్వాసులు ఓటు వేయకుండ ఉండరాదు. పంచాయతీకి నిలుచుటయు తప్పు కాదు. కాపరియే నిలువగోరినయెడల, ముందు సంఘబాధ్యతను విడిచి నిలువవలెను. ఓటు విశ్వాసి మనస్సాక్షికి చెందినది. దానిని బేరము పెట్టుటకు కాపరికి అధికారము లేదు. కాని బీదవాని చేను పోయినప్పుడు, కూలివాని కూలి ఎగగొట్టినప్పుడు, ఏ పార్టీవాడు చేసినను కాపరి నోరు తెరవవలెను.

ఆలోచించుటకు: మన గుడిలో ఏ వస్తువైనను మన నోరు మూయుచున్నదా? మన ఊరిలో నేటి నాబోతు ఎవరు?

ప్రార్థన: ప్రభువా, పుచ్చుకొనని చేతులను, భయపడని నోటిని మాకు దయచేయుము. ఆమేన్.