ప్రెస్‌లో వేలు పోతే: ఈఎస్‌ఐ వైకల్య భృతిపై తరచూ అడిగే ప్రశ్నలు

బాలానగర్, జీడిమెట్ల, గాజువాక... ఎక్కడైనా సరే, పవర్ ప్రెస్ మీద పనిచేసేవాళ్లకు వేలు పోవడం వినని వార్త కాదు. పోయిన ఆ వేలికి జీవితాంతం డబ్బు రావచ్చన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. తెలిసేసరికి కాగితాలు ఉండవు. అందుకే ఈ ప్రశ్నలు.

నాకు ఈఎస్‌ఐ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జీతం చీటీ చూడండి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, నెల జీతం రూ.21,000 లోపు ఉన్నవాళ్లందరికీ ఈఎస్‌ఐ వర్తిస్తుంది (వికలాంగ ఉద్యోగులకు ఈ పరిమితి రూ.25,000). మీ జీతంలో 0.75 శాతం కోస్తారు, ఓనరు 3.25 శాతం కలపాలి. రూ.15,000 జీతగాడికి కోత రూ.113. కాంట్రాక్టరు కింద ఉన్నా హక్కు ఇదే. కాంట్రాక్టరు కట్టకపోతే కట్టాల్సింది అసలు కంపెనీ.

పనిలో చేరి వారమే అయింది. అప్పుడే చెయ్యి నలిగింది. ఏమైనా వస్తుందా?

వస్తుంది. జబ్బు చేస్తే ఇచ్చే భృతికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. పనిలో గాయానికి అలాంటి షరతేమీ లేదు, చేరిన రోజు నుంచే హక్కు. పేరు నమోదు చేయకుండా పని చేయించుకున్న ఓనరు వల్ల మీ భృతికి గండి పడితే, ఈఎస్‌ఐ కార్పొరేషన్ మీకు చెల్లించి ఆ సొమ్ము ఓనరు దగ్గర వసూలు చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. కొందరు ప్రమాదం జరిగిన మర్నాడు పేరెక్కించి ‘నిన్ననే చేరాడు’ అంటారు. ఆ మాటకు హాజరు పుస్తకం ఫొటో, జీతం పడిన బ్యాంకు పాసుబుక్కు, గేటు పాసు జవాబు చెబుతాయి.

ఎంత ఇస్తారు?

లెక్క సులువుగా ఉండాలని సగటు రోజు జీతం రూ.500 అనుకుందాం. గాయం తగ్గి పనికి వెళ్లేదాకా ఇచ్చేది తాత్కాలిక వైకల్య భృతి, జీతంలో 90 శాతం. అంటే రోజుకు రూ.450. ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం మూడు రోజులు పని చేయలేని స్థితి ఉండాలి. ఇన్నాళ్లే అన్న గడువు లేదు. అదే గాయాన్ని మామూలు జబ్బుగా రాయిస్తే వచ్చేది 70 శాతం, రూ.350. అదీ 91 రోజులతో సరి. తేడా రోజుకు వంద రూపాయలే కదా అనుకోకండి. జబ్బు అని రాసిన కేసుకు ఆ తర్వాత శాశ్వత వైకల్య భృతి అడగడానికి ఆధారమే ఉండదు.

‘ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తా, కేసు వద్దు’ అంటున్నాడు ఓనరు. ఏం చేయాలి?

ఈ కాలమ్‌లో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. సూపర్‌వైజరే బండిలో తీసుకెళ్లి కుట్లు వేయిస్తాడు, బిల్లు కడతాడు, సగం జీతం ఇస్తానంటాడు. ఆ నెల బాగానే గడుస్తుంది. మూడో నెలకు వేలు వంగదు, పట్టు ఉండదు, ఓనరు ఫోనెత్తడు. ఆసుపత్రి కాగితంలో ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని ఉంటుంది.

చికిత్స ఎక్కడైనా చేయించుకోండి, ప్రాణం ముందు. కానీ డాక్టరు ‘ఎలా జరిగింది’ అని అడిగినప్పుడు జరిగింది జరిగినట్టే చెప్పి, రాయించండి. ఫ్యాక్టరీలో ప్రమాదాల పుస్తకం ఉండాలి. అందులో తేదీ, సమయం, మిషను, చూసినవాళ్ల పేర్లు ఎక్కాయో లేదో చూసుకోండి. ఓనరు ఫారం 12లో ప్రమాద నివేదికను ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసుకు పంపాలి. పంపకపోతే మీరే తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు దాచుకోండి. తర్వాత ఈఎస్‌ఐ డిస్పెన్సరీ డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి. భృతి ఆ సర్టిఫికెట్ మీదే నడుస్తుంది.

ఇంకో మాట. ఈఎస్‌ఐ ఉన్న కార్మికుడు అదే గాయానికి ఓనరు మీద నష్టపరిహారం కేసు వేయడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఈఎస్‌ఐ దారి మూసుకుంటే చేతిలో మిగిలేది ఓనరు దయే.

తప్పు నాదే. గార్డు తీసేసి మిషను నడిపాను.

అయినా హక్కు పోదు. ఆ పని యజమాని వ్యాపారం కోసమే చేస్తూ ఉంటే, నిబంధన మీరినా అది ఉద్యోగ గాయమే. గార్డు ఉంటే పీసులు తగ్గుతాయని, తీసేయమన్నది ఎవరో కూడా అందరికీ తెలుసు.

డ్యూటీకి వెళ్తూ దారిలో పడిపోతే?

2010 సవరణ తర్వాత ఇల్లు–పని మధ్య జరిగిన ప్రమాదాన్నీ లెక్కలోకి తీసుకుంటున్నారు. సమయం, దారి, పని మూడింటికీ సంబంధం కుదరాలి. షిఫ్టు వేళలు చూపే కాగితం జాగ్రత్త.

వేలికి ఎంత శాతం?

చికిత్స ముగిశాక మెడికల్ బోర్డు చూసి, సంపాదించే శక్తి ఎంత పోయిందో శాతంలో చెబుతుంది. చట్టంలో పట్టిక ఉంది: చూపుడు వేలు పూర్తిగా పోతే 14, మధ్య వేలు 12, ఉంగరం వేలో చిటికెన వేలో అయితే 7, బొటనవేలు 30, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. పై లెక్కలో రూ.450కి 14 శాతం అంటే రోజుకు రూ.63, నెలకు సుమారు రూ.1,890. జీవితాంతం. ధరలు పెరిగేకొద్దీ కార్పొరేషన్ అప్పుడప్పుడు దీన్ని పెంచుతుంది కూడా.

ఈ పట్టిక దర్జీకీ వాచ్‌మన్‌కూ చిటికెన వేలికి ఒకే ధర కడుతుంది. నాకు అది న్యాయంగా తోచదు, కానీ ఉన్నది అదే. నడుము, నరాల దెబ్బల్లాంటివి పట్టికలో ఉండవు. వాటిని బోర్డు తానే అంచనా వేస్తుంది కనుక ఎక్స్‌రేలు, స్కాన్‌లు, మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్లండి. శాతం తక్కువనిపిస్తే మూడు నెలల్లోగా అప్పీలు చేయండి. ఉత్తరం అందిన తేదీ కవరు మీద రాసుకోండి.

ఈ డబ్బు తీసుకుంటూ ఉద్యోగం చేయొచ్చా? తీసేస్తారేమో?

శాశ్వత వైకల్య భృతి, జీతం రెండూ తీసుకోవచ్చు. తాత్కాలిక భృతి మాత్రం పనిచేసి జీతం తీసుకున్న రోజుకు రాదు. తాత్కాలిక భృతి పొందుతున్న కాలంలో ఉద్యోగం నుంచి తీసేయకూడదు, శిక్షించకూడదు. వైకల్యం వల్ల ఉద్యోగమే పోయినా, ఏడాదికి రూ.120 కట్టి పదవీ విరమణ వయసుదాకా ఈఎస్‌ఐ వైద్యం పొందవచ్చు.

నాది గాయం కాదు, పక్షవాతం.

అప్పుడు దారి వేరు. టీబీ, క్యాన్సర్, పక్షవాతం వంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు రెండేళ్ల వరకు 80 శాతం జీతం ఇస్తారు. రెండేళ్ల సర్వీసు, నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా ఉండాలి. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ లాంటి వృత్తి వ్యాధులను మాత్రం ఉద్యోగ గాయంగానే లెక్కిస్తారు. ఇక పీఎఫ్ కడుతున్నవాళ్లు పూర్తిగా, శాశ్వతంగా పని చేయలేని స్థితికి వస్తే, ఒక్క నెల చందా ఉన్నా పీఎఫ్ పెన్షన్ పథకంలో వైకల్య పెన్షన్ అడగవచ్చు. కనీసం నెలకు రూ.1,000. చిన్న మొత్తమే, అయినా వదులుకోవద్దు.

కొత్త కార్మిక కోడ్ వచ్చాక ఇవన్నీ పోయాయా?

లేదు. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది, ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. ఉద్యోగ గాయం, వైకల్య భృతి, ఆశ్రితుల భృతి అందులోనూ ఉన్నాయి.

అసలు ఈఎస్‌ఐయే లేని కూలీలకు?

బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి రూ.20తో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోవచ్చు, 18 నుంచి 70 ఏళ్లవారికి. ప్రమాదంలో రెండు కళ్లూ లేదా రెండు చేతులూ పోతే రూ.2 లక్షలు, ఒక కన్నో ఒక చెయ్యో పోతే రూ.లక్ష. ఆ ఇరవై రూపాయలు ఖాతాలోంచి కోతపడేది మే నెలాఖరులో. అప్పటికి ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోండి.