ఊహలో వెళ్లే ఊరికైనా కాయితాలు కావాలి

మైలవరం

చి. అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

నీ క్లాసు వాళ్ల స్పెయిన్ యాత్ర ప్రణాళిక చదివాను. పైసా ఖర్చు లేకుండా, మైలవరం పొలిమేర దాటకుండా, పదిరోజుల ప్రయాణాన్ని పిల్లలే స్పానిష్‌లో అల్లుకోవాలన్న ఆలోచన నాకు నచ్చింది. బొమ్మలు కూడా బాగా పెట్టావు. బార్సిలోనాలో సగ్రద ఫమీలియా చర్చి, గ్రనాడాలో అల్హంబ్రా కోట, మాడ్రిడ్‌లో ఫుట్‌బాల్ మైదానం. పది రోజుల్లో అయిదు ఊళ్లు. అందులో ఎవరికీ రైలు తప్పలేదు, జ్వరం రాలేదు, తిండి సయించక ఎవరూ అలగలేదు. నా ఫిర్యాదల్లా అదే. ఇబ్బందే లేని ప్రయాణంలో నోరు తెరవాల్సిన పని ఎవరికి పడుతుంది? తెర మీద కోట కనిపించగానే "ఎస్ మూయ్ బొనీతో" అంటారు, చాలా బాగుంది అని. ఆ ఒక్క ముక్కతోనే పదిరోజులూ గడిపేస్తారు.

నాకొచ్చిన స్పానిష్ నీ దగ్గర విన్న నాలుగు మాటలే. కానీ ఉద్యోగమంతా బెజవాడలో టికెట్లు, వీసా ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి. కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి ఎక్కడ గొంతు తడారిపోతుందో నాకు తెలుసు. అక్కడే భాష పుడుతుంది. కాబట్టి నీ ప్రణాళికలో ఊహ ప్రయాణం వరకే ఉండనీ. నిబంధనలు, ధరలు, వేళలు మాత్రం అసలువే పెట్టు.

ముందు అయిదు ఊళ్లను రెండు చెయ్. బార్సిలోనా తీసెయ్యమంటే పిల్లలు గొడవ చేస్తారని తెలుసు. కానీ అక్కడ వీధి బోర్డుల మీదా బడుల్లోనూ ముందు కనిపించేది కాటలాన్ భాష. స్పానిష్ సాధన కోసం బయల్దేరినవాళ్లు ముందుగా దిగాల్సిన ఊరు అది కాదు. నన్నడిగితే సలమాంకా. మాడ్రిడ్ నుంచి రెండు మూడు గంటల్లో చేరిపోవచ్చు. అక్కడి విశ్వవిద్యాలయం 1218 నాటిది. స్పెయిన్‌లో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అదే పాతది. కొలంబస్ ఓడలెక్కిన 1492లోనే అంతోనియో దె నెబ్రిహా రాసిన స్పానిష్ వ్యాకరణం ఆ ఊళ్లోనే అచ్చయింది. విదేశీ విద్యార్థులు స్పానిష్ నేర్చుకోవడానికి అక్కడికే వెళ్లి స్థానికుల ఇళ్లలో దిగుతుంటారు. ఎనిమిది రోజులు ఒకే ఇంట్లో ఉంటే మొదటి రోజు "ఓలా", అంటే నమస్కారం, అన్నవాడు ఎనిమిదో రోజుకి స్నానానికి వేణ్ణీళ్లు రావట్లేదని చెప్పగలగాలి. ఊరు మారిన ప్రతిసారీ మళ్లీ "ఓలా" దగ్గరే మొదలవుతుంది.

ఇక వీసా. దీన్ని ఒక్క స్లైడుతో దాటేశావు. నా లెక్కన రెండు క్లాసులు దీనికే ఇవ్వాలి. స్పెయిన్‌కు కావాల్సింది షెంజెన్ వీసా, ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టాలి. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చాక ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ప్రయాణ వైద్య బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. యూరోకు వంద రూపాయల చొప్పున లెక్కేసుకున్నా అది ముప్ఫై లక్షల మాట. పెద్దవాళ్లకు వీసా రుసుము 90 యూరోలు. అయితే చదువు పని మీద వెళ్లే విద్యార్థులకూ వాళ్ల వెంట వెళ్లే టీచర్లకూ ఆ రుసుము మాఫీ. ఈ సంగతి నువ్వు ముందే చెప్పకు. బడ్జెట్‌లో తలకు తొంభై యూరోలు రాసుకోనీ. ఎవరో ఒకరు నిబంధనలు చదివి పట్టుకుంటారు, మిగతావాళ్లకు స్పానిష్‌లో నచ్చజెప్పాల్సిన పని వాళ్లదే. పారిస్ కూడా చూసొద్దామని ఎవడో ఒకడు లేస్తాడు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలన్న నిబంధన వాడి చేతికివ్వు, రాత్రులు లెక్కపెట్టుకోమను. అంకెలూ తేదీలూ అంత గట్టిగా నేర్పే అభ్యాసం నీ పుస్తకంలో ఉండదు.

దరఖాస్తులో పేరు దగ్గర ఇంకో చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. వాళ్లకు సొంతపేరు ముందు, ఆ వెనక రెండు ఇంటిపేర్లు, తండ్రి వైపుదొకటి, తల్లి వైపుదొకటి. మన పిల్లల సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై కూర్చుంటుంది. స్పెయిన్‌లో ప్రతి హోటలూ దిగినవాళ్ల పాస్‌పోర్టు వివరాలు నమోదు చేసుకోవాల్సిందే. గుమస్తా "రెండో ఇంటిపేరు ఏదీ?" అని అడిగితే నీ విద్యార్థి ఏం చెబుతాడు? ఆ ఒక్క ప్రశ్నతో కుటుంబం గురించిన పాఠం మొత్తం నడిపించొచ్చు. తల్లి పుట్టింటి పేరు చాలామంది కుర్రాళ్లకు తెలియదు కూడా. ఇంటికెళ్లి కనుక్కుంటారు.

సూట్‌కేసు సర్దే పాఠం మాత్రం నాకు అప్పగించు. ప్రయాణం మే నెలలో కదా. చంద్రాల నుంచో వెల్వడం నుంచో వచ్చే పిల్లలు ఇంట్లో రసాలు ముగ్గుతుంటే వదిలేసి విమానమెక్కుతారా? దిగబోయే ఇంటికి ఉత్తిచేతులతో వెళ్లడం మనకు చేతకాదు. కానీ ఐరోపా సమాఖ్యలోకి ప్రయాణికులు తెచ్చే తాజా పళ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అది లేకుండా రానిచ్చేవి అయిదే: అనాస, కొబ్బరి, అరటి, ఖర్జూరం, దురియన్. మామిడి ఆ జాబితాలో లేదు. 2014 మే నెలలో, సరుకులో పండు ఈగ కనిపించిందని, మన దేశపు మామిడి దిగుమతినే ఐరోపా ఆపేసింది. 2015 మొదట్లో గానీ ఆ నిషేధం ఎత్తలేదు. నూజివీడు వైపు తోటల వాళ్లకు ఈగ సంగతి ఒకరు చెప్పాలా? ఆ ఈగ గురించి ఒక రైతు బిడ్డ కస్టమ్స్ అధికారికి స్పానిష్‌లో వివరించాలి. తన తోటలో ఏ మందు ఎప్పుడు కొట్టారో, కాయను ఎప్పుడు కోశారో చెప్పాలి. తనకు బాగా తెలిసిన విషయం కాబట్టి మాట కోసం వాడే వెతుక్కుంటాడు. సగ్రద ఫమీలియా గురించి చెప్పడానికి వాడి దగ్గర ఏముంది, గూగుల్‌లో దొరికిన మూడు వాక్యాలు తప్ప?

పాలతో చేసినవి, మాంసంతో చేసినవి సామానులో అసలే వద్దంటారు. అంటే నెయ్యి సీసా గుమ్మంలోనే ఆగిపోతుంది. ఆవకాయ ఉప్పూకారాల్లో ఊరింది, తాజా పండు కింద లెక్కకు రాదు. మరి పూతరేకులకు రాసిన నెయ్యి మాటేమిటి? అది పాల పదార్థమా, మిఠాయా? క్లాసును రెండుగా చీల్చి వాదించుకోమను. ఎవరు గెలిచినా నాకు ఒకటే.

తిండి దగ్గర ఒక హెచ్చరిక. శాకాహారులకు "మాంసం వద్దు" అన్న ఒక్క మాట నేర్పి వదిలెయ్యకు. స్పెయిన్‌లో కూరగాయల సలాడ్ అడిగితే పైన చేప ముక్కలు వేసి తెస్తారు. పంది తొడ మాంసాన్ని సన్నగా తరిగి చల్లుతారు, దాన్ని మాంసం కింద లెక్కవెయ్యనివాళ్లూ ఉంటారు. చేప వద్దు, పంది వద్దు, గుడ్డు ఫరవాలేదు, ఇలా విడివిడిగా చెప్పడం రావాలి. వేళలు కూడా చెప్పు. వాళ్ల మధ్యాహ్న భోజనం రెండు, మూడింటికి. రాత్రి భోజనం తొమ్మిది దాటాక. వేసవిలో వాళ్ల గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. భోంచేసి ఇంటికి ఫోన్ చేద్దామనుకునేసరికి మైలవరంలో అర్ధరాత్రి దాటి ఉంటుంది. సూర్యుడి లెక్కన స్పెయిన్ బ్రిటన్ గడియారంలో ఉండాల్సిన దేశం. 1940లో ఫ్రాంకో ప్రభుత్వం ముల్లును గంట ముందుకు జరిపింది, ఆ తర్వాత ఎవరూ వెనక్కి తిప్పలేదు.

డబ్బు సంగతి పొట్టిగా చెబుతాను. తలకు ఇంత అని ఇవ్వు, అది కాస్త చాలకుండా ఉండాలి. మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియం మామూలు రోజుల్లో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఉచితం, ఆదివారం అయిదు నుంచి ఏడు. చేతిలో డబ్బు తక్కువైనవాడే ఆ బోర్డు చదువుతాడు. సలమాంకా బదులు గ్రనాడాయే కావాలన్న జట్టు ఉంటే, అల్హంబ్రాలో రాజమందిరాలకు టికెట్ మీద రాసిన వేళకే వెళ్లాలి. ఆ వేళ తప్పిన జట్టు గేటు దగ్గర మనిషిని బతిమాలుకోవాలి. బతిమాలడం ఏ వ్యాకరణ పుస్తకంలోనూ అధ్యాయం కాదు.

వేషాలు వెయ్యడానికి పిల్లలు సిగ్గుపడతారేమో అని రాశావు. ఈ ఊరి పిల్లలు సిగ్గుపడితే ఎలా? మైలవరం జమీందారు నడిపిన బాలభారతి నాటక సమాజం పేరు పాత రంగస్థలం వాళ్లనడుగు, చెబుతారు. వేషం వేసిన పిల్లవాడు మాట్లాడుతుంటే మధ్యలో క్రియాపదం సరిదిద్దకు. అంకం అయ్యాక దిద్దు. త, ద, ర అక్షరాలు మన నోటికి స్పానిష్‌కు సరిపడా ముందే తిరిగి ఉన్నాయి. ఆ విషయంలో ఇంగ్లీషు వాళ్లకంటే మనవాళ్లు మేలు. ఆ ధైర్యం వాళ్లకు మొదటి రోజే ఇవ్వు.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిన అసలు కారణం. నీ ప్రణాళికలో అనంతపురం లేదు.

బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్యూట్ మిషనరీగా మన దేశం వచ్చాడు. మహారాష్ట్రలో రైతులతో పనిచేశాడు, అక్కడి నుంచి పంపించేశారు, 1969లో అనంతపురం చేరాడు. వాన మొహం చూడని జిల్లా అది. ఆయనా ఆయన భార్య అన్నే ఫెర్రర్ కలిసి పెంచిన గ్రామీణాభివృద్ధి సంస్థను అక్కడ ఆర్డీటీ అంటే తెలియనివాళ్లుండరు. బత్తలపల్లిలో ఆసుపత్రి, ఊళ్లల్లో ఇళ్లు, బడులు. 2009లో ఆయన అనంతపురంలోనే పోయాడు. ఆ పనికి స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా కొంత పంపి ఒక్కో బిడ్డకు అండగా నిలిచాయి. ఆ కుటుంబాలకూ ఈ పల్లెల పిల్లలకూ మధ్య ఉత్తరాలు నడుస్తాయి. ఆ ఉత్తరాలు అనువదించడానికి, వచ్చే స్పెయిన్ వాళ్లతో మాట్లాడటానికి భాష తెలిసినవాళ్లు కావాలి కదా. పల్లెటూరి పట్టభద్రులకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పే బడి కూడా అక్కడే పెట్టారు. టెన్నిస్ ఆటగాడు రఫాయెల్ నదాల్ పేరిట 2010లో మొదలైన టెన్నిస్ స్కూలూ ఆ ఊళ్లోనే ఉంది.

మన రాష్ట్రంలో స్పానిష్‌తో పొట్టపోసుకుంటున్న తెలుగు పల్లె పిల్లలు ఉన్నారన్నమాట. నీ క్లాసులో వెనక బెంచీ కుర్రాడికి గ్రనాడా కోట కంటే ఈ మాట ఎక్కువ పనికొస్తుంది. రాత్రి బెజవాడలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దుటికి అనంతపురం. ఊహలో చేసే యాత్రకు మొదటి మజిలీ అదే చెయ్. అక్కడ స్పానిష్ నేర్చుకున్న ఒక తెలుగు అమ్మాయిని ఏమేం అడగాలో పిల్లలతో ప్రశ్నలు రాయించు. ఆ ప్రశ్నలు నిజంగానే పోస్టు చెయ్యొచ్చు. సంస్థకు ముందుగా రాసి అనుమతి అడుగు. వాళ్లు రమ్మంటే నలుగురైదుగురితో వెళ్లండి, పని చేసుకునే చోటికి బస్సు నిండా జనం వద్దు. రమ్మనకపోతే ఉత్తరాలతో సరిపెట్టుకోండి, నష్టం లేదు.

ఒక తండ్రి "ఈ భాష ఎందుకు, జపనీసు అయితే ఉద్యోగం వస్తుంది కదా" అన్నాడని రాశావు. ఆయనతో వాదన పెట్టుకోకు. ఇంజినీరింగు అయ్యాక కొడుకుని ఎక్కడికి పంపుతారని అడుగు. అమెరికా అంటాడు. అక్కడ ఇళ్లల్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు నాలుగు కోట్లకు పైమాటే అని చెప్పు. టెక్సాస్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్న మనవాళ్లకు కొళాయి బాగుచెయ్యడానికి వచ్చే మనిషి చాలాసార్లు ఆ భాషవాడే.

శనివారం సాయంత్రం క్లాసుకు నేను వస్తాను. వీసా అధికారి వేషం నాది. అడగాల్సిన ప్రశ్నలు తెలుగు లిపిలో రాసి గురువారానికల్లా పంపు, బట్టీ పట్టుకుంటాను. కాయితాలు సరిగ్గా లేనివాళ్లను వెనక్కి పంపేస్తాను, మొహమాటపడను, నీ విద్యార్థులని కూడా చూడను. మీ అత్తయ్యా వస్తానంటోంది. సలమాంకా ఇంటావిడ వేషం ఆవిడకివ్వు. వద్దన్నకొద్దీ వడ్డిస్తుంది, చాలు అని మర్యాదగా ఎన్ని రకాలుగా చెప్పొచ్చో అన్నీ వాడాల్సి వస్తుంది పిల్లలకు.

ఇట్లు
మీ మావయ్య