నవల ఇస్తే ఏ పేజీ వదిలేస్తారు?

యానిమేషన్ వైపు వెళ్లాలనుకునే ఇంటర్ విద్యార్థులు ముందు అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలనే. బ్లెండర్ ఉచితంగా దొరుకుతుంది. 2025లో ఆస్కార్ అందుకున్న లాత్వియా చిత్రం ‘ఫ్లో’ తయారైంది దాంతోనే. కాబట్టి ఆ బెంగ వద్దు. నవల చదివి, అందులో ఏది తెరకెక్కుతుందో ఏది ఎక్కదో తేల్చగలగడం నేర్చుకోండి. స్టోరీబోర్డ్ ఆర్టిస్టు చేసే పనిలో సగం అదే.

సైన్స్ ఫిక్షన్‌తో చిక్కు మరీ ఎక్కువ. రచయిత యంత్రం ఎలా పనిచేస్తుందో పేజీలకొద్దీ వివరిస్తాడు. తెర మీద అదే చేస్తే ప్రేక్షకుడు ఫోన్ తీస్తాడు. హెచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషీన్’ (1895) స్ఫూర్తితో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) తీశారు. వెల్స్ తన యాత్రికుణ్ని 8,02,701వ సంవత్సరానికి పంపితే, ఈయన ముందుగా శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పంపారు. రాయల పేరు వినగానే మనవాళ్లకు ఏ వివరణా అక్కర్లేదు. అనుసరణ అంటే ఇలాంటి నిర్ణయమే. తర్వాత ఆయనే ‘ఘటోత్కచ్’ (2008) అనే యానిమేషన్ సినిమా కూడా తీశారు. ఇక 2024లో ‘కల్కి 2898 ఏడీ’కి ముందుకథగా వచ్చిన ‘బుజ్జి అండ్ భైరవ’ హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్‌ది, అంటే ఛోటా భీమ్ సంస్థది. నవల లేకపోయినా, సైన్స్ ఫిక్షన్ యానిమేషన్ మన దగ్గరా తయారవుతోందనడానికి అది చాలు.

సాధనకు వెల్స్‌నే తీసుకోండి. ఆయన 1946లో చనిపోయారు. మన చట్టంలో కాపీరైట్ రచయిత మరణానంతరం 60 ఏళ్లు ఉంటుంది కనుక, 2007 నుంచి ఇక్కడ ఆ మూలాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. అనువాదాల హక్కులు వేరు. విజయవాడ ఏలూరు రోడ్డులో కొన్న తెలుగు నవల నచ్చిందా? బొమ్మ గీసేముందే రచయిత నుంచో వారసుల నుంచో రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి.

వెల్స్ యంత్రం ప్రయాణించేది కాలంలోనే, దూరంలో కాదు. అలాగే మనమూ చోటు మార్చకుండా, విజయవాడ ఇంద్రకీలాద్రి మీద కెమెరా పెట్టామనుకుందాం. మొదట ఏ అడ్డూ లేని కృష్ణ. 1855కల్లా ఆనకట్ట, కాలువల్లో పడవలు. 1957లో ప్రకాశం బ్యారేజీ, దాని మీద వాహనాలు. ఆ తర్వాత నది ఎలా ఉంటుందో మీ ఊహ. ఒక్క మాట, ఒక్క తేదీ తెర మీద లేకుండా ఏ కాలమో చూసేవాడికి తెలియాలి. ముందు స్టోరీబోర్డ్ గీయండి, తర్వాత దానికి శబ్దం, నిడివి కలిపి యానిమాటిక్ చేయండి.

చదువు మాటకొస్తే, ఇంటర్ ఏ గ్రూపైనా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ప్రవేశానికి ‘డాట్’ పరీక్ష రాయొచ్చు. మన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, అహ్మదాబాద్‌లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది. ఐఐటీల బీడెస్‌కు ‘యూసీడ్’ రాయాలి. ప్రైవేటు సంస్థలో చేరేట్టయితే, ఫీజు కట్టేముందు అక్కడ చదివినవాళ్ల షో రీళ్లు చూపించమనండి. ప్లేస్‌మెంట్ పోస్టర్ చూసి మోసపోకండి.

పోర్ట్‌ఫోలియోలో మంచి బొమ్మలతోపాటు మీరు వదిలేసిన అధ్యాయాల జాబితా కూడా పెట్టండి, ఎందుకు వదిలేశారో ఒక్కో వాక్యంలో రాసి.