కొట్టుకు రెండో వాకిలి

పిల్లలూ! మీరు గాజుల కొట్టుకు వెళ్ళారా? అమ్మ చెయ్యి చాపగానే కొట్టు యజమాని ఒక్క చూపు చూసి, సరిపోయే గాజులు తీసి ఇస్తారు. వారి అనుభవమే కొలబద్ద. అదే కొట్టువారు ఆన్‌లైన్‌లో గాజులు అమ్మితే, కొనేవారి చెయ్యి వారికి కనబడదు. మరి ఏమి చేయాలి? ఈ పాఠంలో తెలుసుకొందాం.

రెండో వాకిలి ఎందుకు?

మలేసియాలో క్లాంగ్ పట్టణపు తెంకు కెలానా వీధిలోను, కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లోను చీరల కొట్లు, గాజుల కొట్లు, పూజాసామగ్రి కొట్లు ఉన్నాయి. కరోనా వ్యాధి వ్యాపించకుండా 2020 మార్చి 18 నుంచి దేశమంతటా రాకపోకలను కట్టడి చేశారు. తిండి సరుకుల కొట్లు తెరిచి ఉన్నాయి. గాజుల కొట్ల వంటివి మూయవలసి వచ్చింది. ఆ ఏడాది ఉగాది మార్చి 25న వచ్చింది. కొట్టులో సరుకు ఉన్నా కొనేవారు రాలేకపోయారు. ఉన్న ఒక్క వాకిలీ మూసుకొంటే బతుకుతెరువే ఆగిపోతుందని చిన్న వర్తకులు చాలామంది గ్రహించారు. ఆ జూన్‌లో ప్రభుత్వం ప్రకటించిన పెంజనా పథకంలో, చిన్న వర్తకులు ఆన్‌లైన్‌లో అమ్ముకొనేందుకు సాయం కూడా చేర్చారు.

చూపు చేసే పని మాట చేయాలి

గాజు కొలత అంటే దాని లోపలి అడ్డుకొలత. 2-4, 2-6, 2-8 అని కొలతలు చెబుతారు. ఇందులో మొదటి అంకె అంగుళాలు, రెండో అంకె అంగుళంలో పదహారో వంతులు. కాబట్టి 2-8 అంటే రెండున్నర అంగుళాలు, అనగా 63.5 మిల్లీమీటర్లు. దానిని 2.8 అంగుళాలు అనుకొని కొన్నవారికి గాజు చేతికి ఎక్కదు! అందుచేత కొలతను మిల్లీమీటర్లలో కూడా రాయాలి. ఇంట్లో ఉన్న పాత గాజును లోపలి వైపు స్కేలుతో కొలుచుకొమ్మని కొనేవారికి చెప్పాలి.

పేరు విషయంలోనూ జాగ్రత్త కావాలి. మనం మట్టి గాజులు అంటాం గాని, అవి గాజుతో చేసినవే. మలయ్ భాషలో రాసేటప్పుడు మాటకు మాట మార్చి మట్టి అని రాస్తే తప్పు. 'గెలాంగ్ కాచా' అని రాయాలి. అసలు రంగు తెలియాలంటే పగటి వెలుతురులో ఫోటో తీయాలి. జతా, డజనా అన్నదీ చెప్పాలి. మలేసియాలో 2013 నుంచి ఆన్‌లైన్ వర్తకులు వస్తువు ముఖ్య లక్షణాలను, రవాణా ఖర్చుతో కలిపిన పూర్తి ధరను తెలపవలసి ఉంది.

లాభం లెక్క

ఒక డజను గాజుల ధర 20 రింగిట్లు అనుకొందాం. కొన్న ధర 12. కొట్టులో అమ్మితే 8 మిగులుతుంది. ఆన్‌లైన్ సంస్థ రుసుము నూటికి 10 చొప్పున 2 రింగిట్లు, పెట్టెకు, మెత్తని కాగితానికి మరో 2 అనుకొంటే, మిగిలేది 4 మాత్రమే. (రుసుము సంస్థను బట్టి మారుతుంది.) తపాలా ఖర్చు కొనేవారిదే అనుకొందాం.

దారిలో ఒక డజను పగిలి, డబ్బు తిరిగి ఇస్తే? సంస్థ తన రుసుము వదులుకొన్నా, గాజులకు 12, పెట్టెకు 2, మొత్తం 14 రింగిట్ల నష్టం. ఆ నష్టం తీరాలంటే ఇంకా నాలుగు డజన్లు అమ్మాలి. అందుకే మూత అంటించే ముందు పెట్టెను ఊపి చూడాలి. గలగల వినబడితే మళ్ళీ సర్దాలి.

ఒకే అలమర, రెండు వాకిళ్ళు

కొట్టులో చివరి డజను ఎర్ర గాజులు అమ్ముడుపోయాయి. ఆ సంగతి ఆన్‌లైన్‌లో మార్చలేదు. సముద్రం అవతల కోట కినబాలులో ఒకరు పెళ్ళికోసం అవే గాజులకు డబ్బు కట్టారు. ఇప్పుడు వారికి ఏమి పంపాలి? ఏ వాకిట అమ్మినా వెంటనే ఖాతాలో తగ్గించాలి. అందుకే మొదట అన్ని సరుకులూ పెట్టక, పది రకాలతో మొదలుపెట్టడం మంచిది.

తాతగారికి సరుకు తెలుసు, మనుమరాలికి ఫోను తెలుసు. ఇద్దరూ కలిసి కూర్చొంటేనే రెండో వాకిలి తెరుచుకొంటుంది. తాతగారి నోటిమాటలను తప్పు లేకుండా రాయడానికి మీరు నేర్చుకొనే తెలుగు పనికివస్తుంది.

పదాలు – అర్థాలు

వాకిలి = గుమ్మం
అడ్డుకొలత = వ్యాసం
రుసుము = చేసిన పనికి తీసుకొనే సొమ్ము
బతుకుతెరువు = జీవనాధారం

ప్రశ్నలు

1. 2-4 కొలత గాజు లోపలి అడ్డుకొలత ఎన్ని అంగుళాలు?
2. మట్టి గాజులను మలయ్ భాషలో ఏమని రాయాలి? ఎందుకు?
3. ధర 30, కొన్న ధర 18, రుసుము నూటికి 10, పెట్టె ఖర్చు 3 రింగిట్లు అయితే ఎంత మిగులుతుంది?

చేసి చూడండి

మీ ఇంటి దగ్గరి కొట్టులోని ఒక వస్తువును ఎంచుకోండి. దానిని చూడనివారికి అర్థమయ్యేలా ఐదు వాక్యాలు రాయండి.