దావీదు ఇంట్లో అడగని ప్రశ్న

సండేస్కూల్లో దావీదు కథ గొల్యాతు నేలకూలడంతో ఆగిపోతుంది. వడిసెల, ఏటి ఒడ్డున ఏరిన ఐదు నున్నని రాళ్లు, ఒక కుర్రాడి ధైర్యం. పిల్లలకు అది చాలు. తల్లిదండ్రులకు చాలదు. రెండవ సమూయేలు 11వ అధ్యాయం నుంచి మొదటి రాజులు 2వ అధ్యాయం దాకా ఉన్నదాన్ని బిడ్డల్ని కన్న ప్రతివాళ్లూ ఒక్కసారైనా వరసగా చదవాలని నా కోరిక.

అందులో అదోనీయా గురించి ఒక చిన్న మాట ఉంది. దావీదు ముసలివాడై మంచం పట్టగానే, తండ్రి బతికుండగానే తానే రాజునవుతానని రథాలనూ రౌతులనూ, ముందు పరిగెత్తడానికి 50 మంది మనుషులనూ సిద్ధం చేసుకున్న కొడుకు ఇతను. ఆ సంగతి చెబుతూనే గ్రంథకర్త, తండ్రి ఏనాడూ ఇతన్ని నొప్పించి ఇలా ఎందుకు చేశావని అడగలేదని రాస్తాడు. 40 ఏళ్లు ఏలినవాడు, ఊరివాళ్ల తగవులకు తీర్పు చెప్పినవాడు, సొంత కొడుకుని ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయాడు.

అడగకపోవడం అదోనీయాతో మొదలు కాలేదు. పెద్దకొడుకు అమ్నోను జబ్బు నటించి, సవతి చెల్లెలు తామారును వండిపెట్టడానికి తన ఇంటికి పంపమని తండ్రినే అడిగాడు. తండ్రే పంపాడు. వద్దని ఆమె ఎంత బతిమాలినా వినకుండా బలాత్కారం చేసి, బయటికి గెంటించి తలుపు గడియ పెట్టించాడు. తల మీద బూడిద పోసుకుని, ఒంటిమీది అంగీ చింపుకుని ఏడుస్తూ వెళ్లింది ఆ అమ్మాయి. దావీదుకు అంతా తెలిసింది. చాలా కోపం వచ్చింది. ఆ కోపం తర్వాత ఆయన ఏం చేశాడో రాసి లేదు, ఎందుకంటే ఏమీ చేయలేదు. ప్రాచీన గ్రీకు ప్రతిలో మాత్రం కారణం కూడా ఉంది: అమ్నోను తొలిచూలు కొడుకు, తండ్రికి ప్రేమ.

తామారుతో తండ్రి ఒక్క మాట మాట్లాడినట్టు ఎక్కడా లేదు. తోడబుట్టిన అబ్షాలోము కూడా, వాడు నీ అన్నే కదా, ఊరుకో, మనసులో పెట్టుకోకు అన్నాడు. ఇలాంటి మాట మన ఇళ్లలోనూ వినపడుతుంది. మేనమామ కావచ్చు, పెదనాన్న కొడుకు కావచ్చు, సంఘంలో పెద్దమనిషి కావచ్చు. పరువు అనే రెండు రోజుల లెక్క కోసం బిడ్డ జీవితాంతం మోయాల్సిన బరువును కళ్లారా చూస్తూ కూడా నోరు మెదపనివాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. అమ్మాయైనా అబ్బాయైనా, బిడ్డ చెబితే నమ్మండి. ముందు ఆ బిడ్డ పక్కన కూర్చోండి. ఎవరు నొచ్చుకుంటారన్నది తర్వాత. 18 ఏళ్లలోపు పిల్లలకు పోక్సో చట్టం అండగా ఉంది, 1098కి ఫోన్ చేస్తే సాయం అందుతుంది. పోలీసుల దాకా వెళితే దేవుడికి కోపం వస్తుందని ఎవరైనా అంటే, తామారు కథ వాళ్ల ముందు పెట్టండి.

దావీదు నోరు ఎందుకు పెగల్లేదు? గ్రంథం చెప్పదు, నాకు తోచింది చెబుతాను. అంతకుముందే అతను తన సైనికుడైన ఊరియా భార్య బత్షెబను తెచ్చుకుని, ఊరియాను యుద్ధంలో చంపించి ఉన్నాడు. నాతాను ప్రవక్త వచ్చి, బోలెడు మందలున్న ధనవంతుడొకడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ చెప్పాడు. రాజు మండిపడ్డాడు, నాలుగింతలు కట్టాలన్నాడు. ఆ మనిషివి నువ్వేనన్నాడు నాతాను. దావీదు తప్పు ఒప్పుకున్నాడు. అతనికి ముందు రాజైన సౌలు అలా కాదు. దేవుడి మాట దాటి అమాలేకీయుల మంచి గొర్రెల్ని ఉంచుకుని, గిల్గాలులో సమూయేలు ప్రవక్త చెవిన వాటి అరుపులు పడుతుంటే, జనమే బలికోసం ఉంచారన్నాడు. చివరికి ఒప్పుకున్నా, పెద్దల ముందు తన మర్యాద కాపాడమని వేడుకున్నాడు. చేసిన పని చూస్తే దావీదుదే ఘోరం. కానీ నెపం ఇంకొకరి మీద పెట్టలేదు.

ఒప్పుకున్నాడు కానీ, ఇంట్లో గొంతు పోగొట్టుకున్నాడనిపిస్తుంది. అమ్నోనును అడగబోతే బత్షెబ గుర్తొచ్చి ఉంటుంది. అబ్షాలోమును అడగబోతే ఊరియా. ఎంతోమంది తల్లిదండ్రులు ఇక్కడే ఆగిపోతారు. ఆ వయసులో నేనూ తాగాను, నేనూ అబద్ధాలాడాను, ఏ మొహంతో అడగను అంటారు. ఆ మొహంతోనే అడగండి. ఆ దారిలో నడిచాను, ఏం పోగొట్టుకున్నానో నాకు తెలుసు, అందుకే అడుగుతున్నాను అని చెప్పే తండ్రి మాటకు పిల్లల దగ్గర విలువ తగ్గదు.

అడగకపోతే ఏమవుతుందో అబ్షాలోము చూపిస్తాడు. రెండేళ్లు అమ్నోనుతో మంచీ చెడూ ఏమీ మాట్లాడకుండా కాచుకుని, గొర్రెల బొచ్చు కత్తిరించే పండగకు పిలిచి చంపించాడు. గెషూరులో తాత దగ్గర మూడేళ్లు దాక్కున్నాడు. దావీదు సేనాధిపతి యోవాబు తీసుకొచ్చాక కూడా యెరూషలేములో రెండేళ్లు తండ్రి ముఖం చూడనివ్వలేదు. చూడాలని చివరికి యోవాబు యవల చేనుకు నిప్పు పెట్టించాడు. అప్పుడు పిలిచి ముద్దు పెట్టుకున్నాడు దావీదు. ముద్దు ఉంది, మాట లేదు. ఆ తర్వాత ఆ కొడుకే పట్టణపు గుమ్మం దగ్గర, అంటే వాళ్ల రచ్చబండ దగ్గర, నిలబడి తగవులతో వచ్చేవాళ్లందరికీ చెప్పింది ఒకటే: మీ గోడు వినేవాళ్లు ఇక్కడ లేరు. తండ్రి మీద అతని ఫిర్యాదూ అదే అయి ఉంటుంది. చివరికి తండ్రి మీదే తిరగబడ్డాడు. ఆ తిరుగుబాటులో దావీదు చెప్పుల్లేకుండా ఒలీవల కొండ ఎక్కుతూ ఏడ్చాడు. కొడుకు చచ్చాక, వాడికి బదులు నేను చావాల్సిందని గుండెలు పగిలేలా ఏడ్చాడు.

దీన్ని దేవుడి న్యాయమని చదువుతాం, నాతాను ముందే చెప్పాడు కూడా. కానీ పిల్లల్ని బెదిరించడానికి ఈ కథను వాడకండి. మాట వినకపోతే దేవుడు కళ్లు పోగొడతాడనడం సులువు. ఇక్కడ దేవుడు పిడుగు పంపలేదు, ముందు ఒక మనిషిని పంపాడు. ఆ మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడాడు.

ఎంత అడిగినా దారి తప్పిన బిడ్డలున్న వాళ్లకు ఒక మాట. దావీదు వంశంలోనే హిజ్కియా మంచిరాజు, అతని కొడుకు మనష్షే 55 ఏళ్లు చెడ్డగా ఏలాడు. ఆ మనష్షే కొడుకు ఆమోను, అతనూ చెడ్డవాడే. ఆమోను కొడుకు యోషీయా ఎనిమిదేళ్లకే రాజై ఎంతో మంచి రాజయ్యాడు. తండ్రి దోషం కొడుకు మీద, కొడుకు దోషం తండ్రి మీద వేయకూడదని యెహెజ్కేలు ఒక అధ్యాయమంతా చెబుతాడు. రాత్రుళ్లు నిద్రపట్టక మీ పాత తప్పులు లెక్కపెట్టుకోకండి.

ఇంట్లో ఉన్న బిడ్డను మాత్రం అడగండి. చుట్టాల ముందు కాదు, ఫోన్ చూస్తూ కాదు. ఎందుకు చేశావని అడిగాక జవాబు మీరే చెప్పేయకుండా ఆగండి. కొందరికి ఆ పూట మాట రాదు. మర్నాడు బడికి బయల్దేరుతూ చెబుతారు, బస్సు తప్పినా సరే, అప్పుడు నిలబడి వినండి.