కాలువ నీళ్లును మన భక్తియు

మతము మనుష్యునికి ఎందుకని మన యౌవనస్థులు అడుగుచున్నారు. ఆరాధనకు వచ్చుట, కానుక వేయుట, పండుగకు క్రొత్త బట్టలు కట్టుట, ఇంతేనా అని వారడుగగా మనము కోపపడుచున్నాము. కోపము మాని మన పొలములవైపు చూతము.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేయబడెను. 1967లో కాలువలకు నీరు విడువబడెను. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములను తడుపుచు ఖమ్మమువైపు సాగుచున్నది. సూర్యాపేట ప్రక్కన మూసీ నీళ్లున్నవి. జొన్న గటక తిన్న ఇండ్లలో వరి అన్నము ఉడికెను. దేవునికి స్తోత్రము! అయితే కాలువ చివరి భూములవారిని అడిగి చూడుడి. పైవాడు రాత్రివేళ మడవ తనవైపు త్రిప్పుకొనినయెడల క్రిందివాని నారు ఎండును. ఆ క్రింది మడి ఒక విధవరాలిదైతే? రాత్రి గట్టున కావలి కూర్చుండుటకు ఆమెకు ఎవరున్నారు?

మడవ త్రిప్పిన చేతితోనే ప్రభువు బల్లయొద్ద రొట్టె పుచ్చుకొందుమా? ఆమోసు 5:21-24 చదువుడి. అక్కడ దేవుడు పండుగలను, పాటలను త్రోసివేసి, న్యాయము ఎండని యేరువలె పారవలెనని కోరుచున్నాడు. ఆమోసు పశువుల కాపరి. నీటి విలువ ఎరిగినవాడు. భక్తి ఎందుకో యాకోబు 1:27లో తేటగానున్నది: దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను కష్టములో ఆదుకొనుటకే. గుమ్మములో నిలిచి ప్రార్థన చేసి వచ్చుటతో ఆ పని తీరదని మేము తలంచుచున్నాము.

ఒకే కాలువమీద సేద్యము చేయుచు, ఒకే గుడిలో కూర్చుండి, పలుకరించుకొనని సహోదరులు మన సంఘములలో ఉన్నారు. మత్తయి 5:23-24 ప్రకారము కానుక కొంచెము ఆగవచ్చును. ఈ నాట్లలో మొదట మడవయొద్దకు పోదము.